ఎడమకాలి గోలు

ఆ కందికట్టె ఇంగ రెండు ఇట్ల ఎయ్‌రా అబ్బీ. పచ్చివి కాదు, ఎండువి. దీంట్లో పొగ తప్ప మంట లేదు. బెంగళూరులో ఇంజనీరింగు చదవతాండావు గానీ చలిమంట ఎయ్యడం ఎవురూ నేర్పిచ్చినట్టు లేరు నీకు. ఆ చాటలో చెనిక్కాయలు ఉండాయి, రెండు పిడికిళ్లు తీసి నిప్పులో పొయ్యి. ఈ చలికి కాలిన కాయ ఒలుచుకోని తింటా కూచుంటే అదే కాఫీ, అదే టిఫిను.

ఇందాక ఏమంటివి? ఆ దీవి పేరు... కురసావ్. ఆడ జనం లక్షన్నర. అంటే దగ్గర దగ్గర మన ప్రొద్దుటూరంత. మైదుకూరు రోడ్డు కాడ్నించి కొర్రపాడు రోడ్డు దాకా ఉండే జనాన్నంతా తీస్కపోయి సముద్రం నడిమధ్యలో పెడితే ఎంతో అంత. అంత చిన్న తావు 2026 ఫుట్‌బాలు ప్రపంచ కప్పుకు అర్హత సంపాదిచ్చె. మనమేమో నూటనలభై కోట్లమందిమి ఉండి, 2025 అక్టోబరులో గోవాలో సింగపూరు చేతిలో 2-1తో ఓడి, ఆసియా కప్పుకు గూడా పోకుండా అయితిమి. నవంబరులో ఢాకాకు పోయి బంగ్లాదేశ్ చేతిలో 1-0. ఇదంతా చెప్పి ఆఖర్న ఒగ మాటంటివి సూడు, "మనోళ్ల ఒంట్లోనే లేదు జేజినాయనా ఆ ఆట" అని. ఆ మాటకే నిన్ను నిద్రబోనీకుండా ఈడ కూచోబెట్టింది.

ముందు ఆ కురసావ్ సంగతే సూడు. నీ ఫోన్లోనే ఉంటాది, ఆ టీములో పిల్లోళ్లు యాడ పుట్టిరో, యాడ పెరిగిరో. చానామంది హాలెండులో పుట్టినోళ్లు. ఆడ క్లబ్బుల్లో చిన్నప్పట్నించి బంతి తన్ని పెరిగినోళ్లు. అమ్మానాయిన్లో తాతలో దీవోళ్లు. రక్తం దీవిది, పెంపకం హాలెండుది. ఇంగ ఒంట్లో ఉండాది, లేదు అనే మాట యాడ నిలబడతాది రా?

ఒళ్లు కాదు రా, ఆడి పెరిగిన నేలే అసలు సంగతి. అది చెప్పాలంటే నా కత చెప్పాల. మీ నాయినకు గూడా సరిగ్గా చెప్పలే.

1966. నాకు పద్దెనిమిదేండ్లు. అప్పటికింకా మైలవరం డ్యాము లేదు. వానాకాలం నాలుగు దినాలు పెన్న పారితే పారె, తక్కిన సంవత్సరమంతా ఇసకే. ఇప్పటి మాదిరి ఇసకంతా లారీలెక్కి పోలే. తెల్లగా, మెత్తగా, నడిస్తే కాలు మడమ దాకా దిగేది. అదే మా మైదానం. ఊర్లో ఇంటింటికీ పావలా అర్ధరూపాయి పోగు చేసుకోని, ప్రొద్దుటూరుకు పోయి తోలుబంతి తెచ్చుకుంటిమి. అది ఇప్పటి బంతి కాదు. పైన షూ లేసు మాదిరి తాడు, లోపల బ్లాడరు. తడిస్తే గుమ్మడికాయ బరువు. తలతో కొడితే ఆ లేసు నుదుటి మింద అచ్చు పడేది. బ్లాడరు పగిలితే సైకిలు షాపులో ప్యాచీ ఏపిచ్చేది. చెప్పులు ఇడిచేసి, పంచె ఎగ్గట్టి ఆడతాంటిమి. బూట్లు అనేటివి పోలీసోళ్లకు మాత్రమే ఉంటాయనుకునే కాలం.

ఆ ఏట్లో మమ్మల్ని ఓడిచ్చినోడు లేడు. జమ్మలమడుగు నుంచి వచ్చి ఓడిపోయిరి. ప్రొద్దుటూరు నుంచి మిల్లు పిల్లోళ్లు వచ్చి ఓడిపోయిరి. పొద్దు గుంకేలోపల ఇరవై నిమిషాలు, మళ్లీ ఇరవై నిమిషాలు. చీకటి పడితే ఆట అయిపాయ. మేం పెద్ద మొనగాళ్లమని మీసాలు దువ్వుకుంటా తిరుగుతాంటిమి. నాకైతే మీసమే సరిగ్గా రాలే, అయినా దువ్వుతాంటి.

అట్లాంటప్పుడు పులివెందులలో పోటీలని తెలిసె. జమ్మలమడుగుకు నడిచి, ముద్దనూరు మింద బస్సులు మారి పోతిమి. పదకొండు మందిమి, ఒగ బంతి, రాగిసంగటి ముద్దలు మూటగట్టుకోని. ఆడ మైదానం చూసేటప్పటికే నాకు గుండె జారె. గట్టి నేల. ఎర్ర గరుసు. గులకరాళ్లు. మా ఇసకలో బంతి తంతే ఆడ్నే ఆగుతాది, ఎంత బలంగా తంతే అంత మంచిది. ఈడేమో మెల్లంగా తోసినా గీత దాటి పోతాంది. మా సెంటరోడు తనకు తెలిసిన బలంతోనే కొట్టె, బంతి పోయి చీనీ తోటలో పడె. అట్ల ఎన్ని తూర్లు పడిందో లెక్కలే.

అయినా మొదటి గోలు మేమే ఏస్తిమి. ఊరుకే చెప్పుకోవడం కాదు, ఏసింది నేనే. ఇంగ గెలిచినట్టే అనుకుంటిమి. అయితే ఆడ సగానికి ముప్పైయైదు నిమిషాలు. నలభై నిమిషాలు దాటినాంక మా కాళ్లు మా మాట ఇనలే. ఒగడు పిక్కపట్టి కూలబడె. నా బొటనేలి గోరు గరుసుకు లేచిపాయ. 3-1తో ఓడితిమి. మూడు గోళ్లూ ఆఖరి పావుగంటలోనే.

ఎనిక్కి వచ్చేటప్పుడు బస్సులో ఏమనుకుంటిమో తెల్సునా? రెఫరీ వాళ్లోడు. నేల మంచిది కాదు. సంగటి తిని ఆడినాం కాబట్టి ఒళ్లు బరువాయ. గోల్కీపరుకు కన్నులు కనపడలే. ముద్దనూరు వచ్చేలోపల అందర్నీ తిట్టి పెడితిమి. మేం గట్టి నేల మింద ఒగ దినమన్నా ఆడలేదు కదా, నలభై నిమిషాలకు మించి ఎప్పుడూ పరిగెత్తలేదు కదా అనే మాట మాత్రం ఒగడూ అనలే. మరుసటి దినం జమ్మలమడుగు క్యాంబెల్ ఆస్పత్రిలో కాలికి కట్టు కట్టిచ్చుకుంటి. ఆ గోరు ఇప్పటికీ వంకరే, సూడు.

ఆ ఏడు పండక్కి మా చిన్నమామ వచ్చె. హైదరాబాదులో పోలీసు కానిస్టేబులు. మా ఏడుపంతా ఇని నవ్వె. "ఒరే, మీరు పులివెందులలో ఓడినట్టే ఈ దేశం హెల్సింకీలో ఓడింది" అనె. ఆ రాత్రి ఇదే మాదిరి మంటేసుకోని తెల్లారేదాకా చెప్పె. నేను నీకు చెప్పేది సగం ఆ మామ చెప్పిందే, తక్కింది తర్వాత నేను చదువుకోని సరి చేసుకున్నాను.

1948 లండన్ ఒలింపిక్స్‌లో మనోళ్లు ఉత్తకాళ్లతో, కొందరు కాళ్లకు గుడ్డ చుట్టుకోని, ఫ్రాన్సుతో ఆడి 2-1తో ఓడిరి. రెండు పెనాల్టీలు చేతికొచ్చి పోయె. అవి రెండూ లోపల పడుంటే ఎట్లుండునో అని మామ నోరు చప్పరించె. 1950లో బ్రెజిల్ ప్రపంచ కప్పుకు తావు తానే వచ్చె. బర్మా, ఇండోనేషియా, ఫిలిప్పీన్స్ తప్పుకుంటే మనకు వచ్చె. మనోళ్లు పోలే. బూట్లు లేక పోలేదని ఊరూరా చెప్పుకుంటారు. అది నమ్మొద్దు. ప్రాక్టీసుకు టైం లేదు, ఎవర్ని పంపాల అనే దాంట్లో తేడాలు వచ్చినాయి అని ఫుట్‌బాలు సంఘమోళ్లు చెప్పిరి. అసలు సంగతి, అప్పటోళ్ల కండ్లకు ఒలింపిక్స్ పెద్దది, ప్రపంచ కప్పు చిన్నది. ఇంట్లో పెట్టెలో బంగారముంటే ఇత్తడనుకోని మూలకేసినట్టు. ప్రొద్దుటూరు బంగారమంగడోన్ని అడిగుంటే గీటురాయి మింద గీచి చూపిచ్చుండును.

1952 హెల్సింకీ. చలి. చానామంది ఉత్తకాళ్లు. ఎదురుగా యుగోస్లావియా. 10-1. పది గోళ్లు రా. ఆ తర్వాతే బూట్లు ఏసుకోకుండా ఆడకూడదని సంఘమోళ్లు రూలు పెట్టిరి. దెబ్బ తగిలినాంక చెప్పులు కొన్నట్టు.

ఇంకొకటి చానామందికి తెలీదు. అప్పట్లో మన దేశంలో ఆట 70 నిమిషాలే. బయట దేశాల్లో 90. ఆ ఇరవై నిమిషాలు ఏం చేస్తాదో పులివెందుల పోయొచ్చిన నన్నడుగు. 1970లు వచ్చేదాకా అదే 70 నిమిషాల లెక్క నడిచింది మన దగ్గర. ఇంట్లో డెబ్బై ఆడి, బయటికి పోయి తొంభై గెలవాలంటే యాడ కుదుర్తాది?

ఆ 10-1 టీముకు గూడా కోచి సయ్యద్ అబ్దుల్ రహీం సాబే. ఇది మర్చిపోవద్దు. గొప్పోడు గూడా పది గోళ్లు తిన్నాడు. తిన్నాంక ఏం చేసినాడో అదే అసలు కత.

రహీం సాబు హైదరాబాదు మనిషి, 1909లో పుట్టినాడు. ఉస్మానియాలో చదువుకోని బడిలో పిల్లోళ్లకు చదువు చెప్పినోడు. అయివారు. నేనూ అయివారునే కాబట్టి నాకు కొంచెం ఎక్కువ ప్రేమ, ఒప్పుకుంటా. ఆయన చేతిలో పెరిగింది హైదరాబాదు సిటీ పోలీసు టీము. బొంబాయిలో రోవర్స్ కప్పు 1950 నుంచి 54 దాకా వరసగా ఐదు తూర్లు గెలిచిరి. ఆ బలంతోనే హైదరాబాదు 1956లో, 57లో సంతోష్ ట్రోఫీ కొట్టె. ఆంధ్రప్రదేశ్ పేరుతో 1965-66లో మళ్లీ ఒగసారి.

ఆయన పిల్లోళ్లకు పోటీలు పెట్టేదంట. ఎట్లాంటి పోటీలో ఇను. ఒగ దాంట్లో బంతిని కాలి కాడ పెట్టుకోని మెలికలు తిప్పగూడదు, వచ్చిందాన్ని వచ్చినట్టే పక్కోనికి ఇయ్యాల. ఇంకో దాంట్లో చేతగాని కాలితోనే ఆడాల. కుడికాలోడు ఎడమతో, ఎడమకాలోడు కుడితో. మామ ఈ మాట చెప్పినప్పుడు మేం పగలబడి నవ్వితిమి. చేతగాని కాలితో పోటీ ఏంది, చేతనైన కాలితోనే పులివెందులలో పరువు పోయిందే అని. మామ నవ్వలే. "కప్పు ఇచ్చేదానికి కాదురా ఆ పోటీ. పిల్లోనికి రెండో కాలు తయారు చేసేదానికి" అనె.

1956లో మెల్‌బోర్న్. మొదటి ఆటకు హంగేరీ రాలే, ఎదురు లేకుండా దాటిరి. తర్వాత ఆస్ట్రేలియాను వాళ్ల సొంత గడ్డ మింద 4-2తో కొట్టిరి. నెవిల్ డిసౌజా మూడు గోళ్లు. సెమీఫైనల్లో మళ్లీ అదే యుగోస్లావియా. ముందు గోలు ఏసింది మనోళ్లే! నెవిలే ఏసినాడు. ఆ తర్వాత వాళ్లు నాలుగేసిరి. మూడో తావుకు ఆడి బల్గేరియా చేతిలో 3-0తో ఓడిరి. నాలుగో తావు. పదిగోళ్ల కాడ్నించి నాలుగేండ్లలో ఆడికి వచ్చిరి. ఆ టీములో అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, అహ్మద్ హుసేన్, జుల్ఫికరుద్దీన్, సికింద్రాబాదు తులసీదాస్ బలరాం, అంతా మన దిక్కు పిల్లోళ్లే. 1960 రోమ్‌లో ఫ్రాన్సుతో 1-1. హంగేరీ చేతిలో 2-1, అంతే తేడా.

ఇంగ జకార్తా. 1962 ఆసియా క్రీడలు. ఇది చెప్పేటప్పుడు మామ లేచి నిలబడె. ఇజ్రాయెల్‌నూ తైవాన్‌నూ రానీయలేదని మన అధికారి ఒగాయన తప్పు పట్టె. దాంతో ఆ ఊరి జనానికి మన మింద మంట. మన ఆటగాళ్లను చూస్తే అరుపులు, ఈలలు. మొదటి ఆటలోనే దక్షిణ కొరియా 2-0తో కొట్టె. థాయ్‌లాండ్ మింద గెలిచిరి గానీ జర్నైల్ సింగ్‌కు తల పగిలె. కుట్లు పడినోన్ని వెనక ఆడిస్తే తలతో బంతి ఆపాల్సి వస్తాది గదా. రహీం సాబు ఏం చేసె? వెనకాడే మనిషిని తీసకపోయి ముందర సెంటర్ ఫార్వర్డ్ చేసె. జపాన్ 2-0, దక్షిణ వియత్నాం 3-2. సెప్టెంబరు 4న ఫైనల్లో మళ్లీ కొరియా. స్టేడియమంతా లక్షమంది, దాదాపు అందరూ మనకు ఎదురే. పి.కె. బెనర్జీ ఒగటి, కుట్లు పడిన జర్నైల్ ఒగటి. 2-1. బంగారు పతకం. 1951లో ఢిల్లీలో ఇరాన్ మింద గెలిచింది ఒగటి, ఇది రెండోది. మూడోది ఈనాటికీ లే.

అప్పటికే ఆయనకు ఊపిరితిత్తుల్లో క్యాన్సరు. 1963 జూన్ 11న పాయ. జకార్తా గెలిచిన తొమ్మిది నెలలకు.

"ఏమయ్యా, ఆ చాటలో కాయలు కాలుస్తాండారా? అవి ఇత్తనానికి తీసిపెట్టినవి! తినే కాయలు పక్క సంచిలో ఉండాయి కదా!"

ఇనపడిందా మీ జేజి? సగం చాట ఖాళీ చేసినాంక చెప్తే ఏం లాభం. ఆ సంచి ఇట్లియ్యి. పెద్దామా, తప్పాయ, పండుకో పో.

యాడ ఉంటిమి? ఆయన పాయ. ఆయన పెంచిన పిల్లోళ్లు ఉండిరి కాబట్టి ఆట కొన్నాళ్లు నడిచె. 1964 ఆసియా కప్పులో రెండో తావు. 1970లో బ్యాంకాక్‌లో జపాన్ మింద 1-0తో గెలిచి కంచు పతకం. కెప్టెను సయ్యద్ నయీముద్దీన్, ముందర మహమ్మద్ హబీబ్, ఇద్దరూ హైదరాబాదోళ్లే. అది పాత చేని ఆఖరి కోత. దాని తర్వాత యాభై ఏండ్లు దాటె, ఆసియా క్రీడల్లో ఫుట్‌బాలుకు ఒగ పతకం లేదు.

బాయిలో నీళ్లు తోడుకుంటా పోయిరి గానీ పూడిక తీసినోడు లేడు. కలకత్తా క్లబ్బులు డబ్బిచ్చి హైదరాబాదు పిల్లోళ్లను పిలుచుకోని పోయె. బలరాం పాయ, నయీం పాయ, హబీబ్ పాయ. వాళ్లది తప్పని నేననను. కడుపుకు కూడు దొరికే తావుకు ఎవడన్నా పోతాడు, మనోళ్లు కువైట్ పోవడం లేదా? కానీ పోయినోని తావులో ఇంకోన్ని పెంచేదానికి ఈడ రహీం సాబు మాదిరి పోటీలు పెట్టే అయివారు ఉండాల కదా. పోలీసు టీములో ఉద్యోగాలు తగ్గె, బడుల్లో డ్రిల్లు పీరియడ్ లెక్కల అయివారికి పాయ. నా ముప్పైయేండ్ల ఉద్యోగంలో నా పీరియడ్ ఎన్ని తూర్లు లాక్కున్నారో నాకే లెక్క లేదు. పదో తరగతి పరీక్షలు దగ్గరికొస్తే సంక్రాంతి నుంచి బంతి బీరువాలోనే. పిల్లోడు పద్దెనిమిదేండ్లకు కాలేజీకి పోయి బంతి పట్టుకుంటే, హాలెండు పిల్లోడు ఆరేండ్లకే పట్టుకున్నాడు. పన్నెండేండ్లు ఎనకబడినోడు ఆఖరి పావుగంటలో కూలబడకుండా ఏం చేస్తాడు?

నువ్వు క్రికెట్ తినేసిందంటావు. కొంచెం నిజమే, 1983లో క్రికెట్ ప్రపంచ కప్పు గెలిచిన తర్వాత మన ఏట్లోనే గోలు కట్టెలు పీకి స్టంపులు చేసిరి. కానీ అదొక్కటే అంటే నేను ఒప్పను. జపానోళ్లు బేస్‌బాలంటే ప్రాణం ఇస్తారు, అయినా ప్రపంచ కప్పుకు ప్రతి తూరీ పోతాండారు. ఇంకో ఆట ఆడితే ఈ ఆట చావదు. ఆడేదానికి తావు లేకపోతే చస్తాది.

డబ్బు లేదంటావా? 2014లో ఇండియన్ సూపర్ లీగ్, అదే ఐఎస్ఎల్, వచ్చె, డబ్బుకు కొదవ లేకుండా వచ్చె. మన హైదరాబాదు క్లబ్బు 2022 మార్చిలో కేరళ మింద గెలిచి కప్పు తెచ్చె. నాలుగేండ్లు తిరగలే, ఆ టీము ఢిల్లీకి తరలిపాయ. 2025 డిసెంబరు వచ్చినా ఆ ఏటి ఐఎస్ఎల్ మొదలే కాలే. ఆ క్లబ్బుల్లో గోలు కొట్టే తావులో చానా కాలంగా పై దేశాలోళ్లే. మన పిల్లోడు పక్కన పరిగెత్తి బంతి అందిస్తాడు, వాళ్లు కొడతారు. ఇంగ దేశం జెర్సీ ఏసుకున్న దినం ఎవడు కొట్టాల? 2024 జనవరిలో ఖతార్‌లో ఆసియా కప్పు, మూడాటలు, ఆస్ట్రేలియా, ఉజ్బెకిస్తాన్, సిరియా. ఒగ గోలన్నా లే. ఆ జూన్‌లో, ఇన్నేండ్లూ దేశానికి గోళ్లు కొట్టిన ఛెత్రీ చాలని ఇంటికి పాయ. తొమ్మిది నెలలు తిరగలే, మళ్లీ పిలిచిరి, నలభైయేండ్లోన్ని! పుట్టింది సికింద్రాబాదులోనే సూడు ఆ పిల్లోడు గూడా. దేశానికి 95 గోళ్లు కొట్టినాడు. అట్లాంటోన్ని తిట్టడానికి నాకు నోరు రాదు. తొంభైయైదు కొట్టినోని ఎనక అంత కొట్టేటోడు ఇంకొగడు తయారు కాలేదే అని మాత్రం కడుపు మండుతాది.

కోచిని మార్చడం మాత్రం బాగా నేర్చుకున్నారు. ఓడిన మరుసటి దినమే కోచి తప్పంటారు. మేం బస్సులో గోల్కీపరుకు కన్నులు కనపడలేదని అన్లే? అదే బస్సు రా, ఇంకా ముద్దనూరు దాటలే.

అట్లని అంతా చీకటే అనను. పక్కన అనంతపురంలో ఆర్డీటీ వాళ్లు ఉండారు, ఆ స్పెయిను నుంచి వచ్చిన విన్సెంట్ ఫెర్రర్ పెట్టిన సంస్థ. పల్లె పిల్లోళ్లకు, ఆడపిల్లోళ్లకు గూడా, మైదానమిచ్చి బంతి ఇచ్చి ఆడిపిస్తాండారు. నేనొకసారి పోయి చూసొచ్చినా. పచ్చ గడ్డి మింద మన సీమ పిల్లోళ్లు పరిగెత్తుతాంటే ఆడ్నే ఒగ గంట నిలబడిపోతి. చిన్న చిన్న పిల్లోళ్లు, కాళ్లకు బూట్లు, వరసగా నిలబడి ఒగని తర్వాత ఒగడు బంతి అందిచ్చుకుంటాండారు. ఒళ్లు మన ఒళ్లే. అదే సంగటి తిన్న ఒళ్లే.

మామ ఆ పండగ అయిపోయి పోయేముందు మమ్మల్ని ఏట్లోకి పిలుచుకోని పోయె. ఇసక ఇడిసిపెట్టి ఒడ్డున గట్టి నేల మింద నిలబెట్టె. ఎడమకాలితో కొట్టండిరా అనె. నేను కొడితే బంతి పోలే, నేనే పడితి. అందరూ నవ్విరి. ఆరు నెలలు కొట్టినా పడడం తగ్గలే, కానీ బంతి పోవడం మొదలాయ. తర్వాత నేను అయివారు అయినాంక నా బళ్లో వారానికి ఒగసారి అదే పోటీ పెడతాంటి. ఒగ హెడ్మాస్టరు చూసి, ఏమయ్యా ఇది, కుంటాటా అనె.

మంట తగ్గిపాయ. చానా పొద్దుపాయ. లోపలికి పోయి పండుకో. రేపు పొద్దున చిన్నోళ్లనంతా పిలుచుకోని, ఆ బంతి తీసుకోని ఒడ్డు కాడికి రా. ఏట్లోకి కాదు, ఒడ్డున గట్టి నేల మిందికి. నేను కుర్చీ ఏసుకోని కూచుంటా. కుడికాలితో ఎవడు కొట్టినా గోలు ఇయ్యను.